ఇంటిల్లిపాదీ ఏడ్చిన ఆల్బం

ఆ ఆల్బం విని ఏడవని మనిషి ఉండడని నా స్నేహితురాలు కాలేజీ మెట్ల మీద కూర్చుని తేల్చి చెప్పింది. అప్పుడు నాది పన్నెండో తరగతి. భివండి నుంచి బస్సులో కల్యాణ్ వెళ్లి చదువుకునేదాన్ని. ఆమె కల్యాణ్‌లోని మరాఠీ పిల్ల, నాది తెలుగు, మా మాటలన్నీ హిందీలోనే. క్లాసులో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. అందుకే ఆమె ఇచ్చిన క్యాసెట్టును గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇంగ్లీషు రాక్ బ్యాండు, నేను పుట్టకముందు పాడిన పాటలు, లోకమంతా నెత్తిన పెట్టుకుందట!

తెచ్చాను సరే, వినేదెప్పుడు? భివండి కామత్‌ఘర్‌లో మా ఇంటి గోడకు అవతలే నాన్న సాంచాలు, అంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి మాటే వినపడదు. మేమంతా ఒకరి పెదాలు ఒకరం చూసి మాట్లాడుకుంటాం. శుక్రవారం మాత్రం కరెంటు ఉండదు, సాంచాలకు సెలవు. ఆ రోజు కాలేజీ నుంచి రాగానే టేప్ రికార్డర్‌లో కొత్త సెల్లులు వేసి, అమ్మనీ నాన్ననీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఏడవడానికి సర్వం సిద్ధం చేసుకున్నాను.

డ్రమ్ములు మోగాయి, గిటారు మోగింది, ఒకాయన గొంతు చించుకున్నాడు. రెండో పాట అయినా కన్ను చెమర్చలేదు సరికదా, ఆవలింత వచ్చింది. ఇంతోటి దానికా ఇంత గొడవ అనిపించింది.

"గాయినకేమైందే, గట్ల మొత్తుకుంటుండు?" అని అమ్మ జాలిపడింది.

సెలవు రోజు మోత లేకపోతే నాన్నకు కునుకు పట్టదు. అలాంటి మనిషి మూడో పాటకు గురక పెట్టాడు. ఆ పాట అయిపోయి కాస్త నిశ్శబ్దం రాగానే దిగ్గున లేచి, "సాంచా ఆగింది, పోగు తెగిందా ఏంది?" అన్నాడు. అమ్మా నేనూ కడుపులు పట్టుకుని నవ్వాం. నాలుగో పాట అందుకోగానే ఆయన మళ్లీ నడుం వాల్చాడు.

శనివారం కాలేజీలో క్యాసెట్టు తిరిగి ఇస్తుంటే, ఎలా ఉందని నా స్నేహితురాలు అడిగింది. నచ్చలేదంటే ఉన్న ఒక్క స్నేహమూ పోతుందని భయమేసి, ఏడ్చానన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అది చూసి నాకు ఒళ్లు తెలియలేదు. మా అమ్మ కూడా ఏడ్చిందన్నాను. మా నాన్ననయితే పట్టలేకపోయామన్నాను.

"మీ నాన్నా! ఆయన్ని నేను చూడాల్సిందే" అంది.

ఆదివారం నిజంగానే షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. సాంచాలు దడదడా నడుస్తున్నాయి. ఆమె తిన్నగా నాన్న ఎదుట నిలబడి, క్యాసెట్టు డబ్బా చూపించి, వేలితో చెంప మీద కన్నీటి చార గీసి, మీరు కూడానా అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను ఆమె వెనక నిలబడి పెదాలతో బతిమాలాను. "ఏడ్సిన అని చెప్పు బాపూ, నీ కాల్మొక్త!"

నాన్న పొల్లు పోకుండా చదివాడు. నేనెందుకేడుస్తా అన్నట్టు తల అడ్డంగా ఊపి, అరచెయ్యి చెంప కింద పెట్టి, కళ్లు మూసి, నోరు తెరిచి గురక పెట్టి మరీ చూపించాడు. ఆపైన తీరిగ్గా నవ్వాడు.

ఆమె నా వైపు తిరిగింది. చెయ్యి పట్టుకుని గల్లీలోకి లాక్కొచ్చాను. అక్కడా మోతే.

"నాకు నచ్చలేదు!" అని అరిచాను.

"ఏంటీ?"

"నచ్చలేదు! ఎవరమూ ఏడవలేదు!"

నల్లా దగ్గర బిందెలు నింపుతున్న వాళ్లంతా తిరిగి చూశారు. అంత గట్టిగా నిజం చెప్పడం నాకదే మొదలు. భయపడుతూనే పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"మా ఇంట్లో అది విని ఏడ్చేది నేనొక్కదాన్నే. అందరూ ఎగతాళి చేస్తారు. నాకు తోడు దొరికిందనుకున్నా."

నవ్వు ఆగిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మళ్లీ పెట్టు. పక్కన కూర్చుంటా" అన్నాను.

ఇద్దరం మా గడప మీద కూర్చున్నాం. ఆమె సంచిలోంచి వాక్‌మన్ తీసి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టింది. ఆ మోతలో నాకు సగమే వినపడింది, ఆ సగమూ నచ్చలేదు. ఒక పాట దగ్గర ఆమె కళ్లు నిండి కారిపోయాయి. ఏ పాటో నేను అడగలేదు. క్యాసెట్టు రెండు వైపులా అయిపోయేదాకా ఆమె పక్కనుంచి కదల్లేదు.