చిన్నప్పటి నుంచి మీ సరస్సు చూడాలని

ఆ రోజుల్లో, అంటే పెళ్లయి చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టిన కొత్తలో, నాకు తెలియని వీసా రూలు ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. ఎఫ్-1 చదువు వీసా నుంచి హెచ్-1బి ఉద్యోగం వీసా దాకా ఈదొచ్చినవాణ్ణి కదా, మా ఆవిడ ముందు ఆ మాత్రం కోతలు కోయకపోతే ఎలా? ఆవిడకి ప్యారిస్ చూడాలని ఆశ. పెళ్లయ్యాక నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "అదెంత పని, నేను చూసుకుంటాలే" అనేశాను.

తీరా చూస్తే ఫ్రాన్స్ వాళ్ల దగ్గర వీసా ఇంటర్వ్యూ స్లాట్లు లేవు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అందరికీ స్లాట్లు వెతికిపెట్టే ఒకాయన ఉండేవాడు, స్లాట్ల అన్న అనేవాళ్లం. "యూరప్‌లో ఒక్క దేశం వీసా ఇస్తే చుట్టుపక్కలవన్నీ తిరగొచ్చు తమ్ముడూ, ఖాళీ ఉన్నచోట అప్లై చేసెయ్" అని ఓ చిన్న దేశం కాన్సులేట్‌లో బుక్ చేసిచ్చాడు (పేరు చెప్పను, పాపం వాళ్ల తప్పేం లేదు). ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో అక్కడే అప్లై చేయాలని రూలుందట. దానికీ అన్న దగ్గర మందుంది: రోజులన్నీ అక్కడే ఉంటామని చూపించడం, అడిగితే "చిన్నప్పటి నుంచి మీ సరస్సు చూడాలని కోరిక" అనడం. ఇక నేను డైనింగ్ టేబుల్‌కి అవతల ఆఫీసర్‌లా కూర్చుని మా ఆవిడకి మాక్ ఇంటర్వ్యూలు మొదలుపెట్టాను. "నవ్వకు. సరస్సు అన్నప్పుడు కళ్లల్లో కాస్త ఆశ కనిపించాలి" అని కోప్పడేవాణ్ణి కూడా (తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు).

చికాగోలో ఆ కాన్సులేట్ కౌంటర్ వెనక ఒక పెద్దాయన. ఎందుకు వెళ్తున్నారని అడగడం ఆలస్యం, సరస్సు పాఠం గడగడా అప్పజెప్పాను. ఆయన అంతా విని, "షామ్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్లందరికీ చిన్నప్పటి నుంచి మా సరస్సే కోరిక. మీ స్కూళ్లలో దాని మీద పాఠం ఉందా?" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే, తిట్టినా బాగుండేది. తర్వాత ఆ సరస్సు పేరేమిటన్నాడు. పేరు అన్న చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కనుంచి మా ఆవిడ, "సారీ సర్, మేము వెళ్లాలనుకున్నది ప్యారిస్. అక్కడ స్లాట్ దొరకలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అయితే వాళ్ల దగ్గరే అప్లై చేసుకోండి" అని ఆయన ఆవిడతోనే అన్నాడు, కాగితాలు ఆవిడకే ఇచ్చాడు. నా వంక చూడనైనా లేదు. తల దించుకుని వెనక్కి తిరిగితే, లైన్‌లో ఇంకో తెలుగు జంట పెదవులు కదుపుతూ ఏదో బట్టీ పడుతున్నారు.

తిరిగొస్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లు కదలడం లేదు. తప్పంతా అన్న మీదకి తోసేద్దామని గొంతు సవరించుకున్నాను. ఈలోగా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒకటి అడగనా? పెళ్లిచూపుల్లో మీరు నాతో చెప్పినవి కూడా ఇలా ప్రాక్టీస్ చేసినవేనా?" అంది.

వంటొచ్చన్నాను. పుస్తకాలు చదువుతానన్నాను. కోపం రాదన్నాను. అన్నీ మా అక్క దగ్గరుండి చెప్పించినవే. సిగ్గుతో చచ్చిపోయాను. కౌంటర్ దగ్గర పోయింది వీసా ఒక్కటే, ఇక్కడ ఈ మనిషికి నా మీదున్న నమ్మకమే పోయేలా ఉంది. "పుస్తకాలు కొంచెం నిజమే" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మిగతావి నిదానంగా చెప్పండి, ట్రాఫిక్ ఎలాగూ ఉంది" అంది.

ఇల్లు చేరేదాకా చెప్పాను. ప్యారిస్ ఆ ఏడు కుదరలేదు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే, కాకపోతే ఇప్పుడు కాస్త నవ్వు కూడా వస్తుంది. మా పెళ్లిచూపులు మాత్రం, నిజంగా చెప్పాలంటే, ఆ సాయంత్రం ఆ కార్లోనే జరిగాయి.