పిన్ని చెరిపేసిన పుట్టుమచ్చ

మా పిన్నిని వీధిలో అందరూ మరకల పిన్ని అంటారు. పాత ఫోటోల మీది బూజు, చెమ్మ, చిరుగులు కంప్యూటర్లో తుడిచి బాగుచేయడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళు ఒకే స్టూడియోలో, ఒకే కుర్చీలో చేసింది. పోయిన ఏడాది ఆ స్టూడియో మూతపడింది. ఇంట్లో ఉన్నది నా పాత లాప్‌టాప్ ఒక్కటే. ఫోటోలు దిద్దే పెద్ద సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించబోతే మొరాయించింది. మూడు నెలలు పిన్ని తోమిన గిన్నెలే తోమింది. ఆమెని అలా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

నేను ప్రోగ్రాములు రాసి బతుకుతాను. ఏమీ ఎక్కించనక్కర్లేకుండా బ్రౌజర్లోనే ఫోటోలు దిద్దుకునే ప్రోగ్రాము రాసిస్తానన్నాను.

"వార్తలు చదువుకునే దాంట్లో ఫోటోలు దిద్దడమేంటే? నన్ను ఆటపట్టించకు," అంది.

రాసిచ్చిన మొదటి రోజు ఆమె మాటే నెగ్గింది. మౌసు పట్టిన పిన్ని చెయ్యి ఫోటోలోని చెంప దాటిపోయినా, మరకలు తుడిచే తెర మీది కుంచె ఇంకా చెవి దగ్గరే ఉంది.

"నీ కుంచెకి మోకాళ్ళ నొప్పులే తల్లీ," అని లేచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీదో, నా మీదో తేల్చుకోలేక రెండు వారాలు కూర్చుని అంతా తిరగరాశాను. ఫోటో మొత్తాన్ని ఒకేసారి మోయకుండా, తెర మీద కనిపించే ముక్కనే పట్టుకునేలా మార్చాను. ఈసారి కుంచె చేతితో పాటే నడిచింది. పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది.

ఆమెకు బాగా తెలిసిన దర్జీ ఒకాయన ఎప్పుడో ఊరు మారిపోయాడు. చనిపోయిన తన అక్కది మిగిలిన ఒకే ఒక్క ఫోటో పంపాడు. బ్రౌజరే కాబట్టి పిన్ని దిద్దుతున్న పేజీ లింకు ఆయన ఫోనుకి పంపాను. అక్కడినుంచే చూస్తూ కూర్చోవచ్చు. పిన్నికి అది నచ్చలేదు.

"వండుతుంటే గిన్నెలోకి తొంగిచూసేవాళ్ళంటే నాకు మంట," అంది.

బూజు పోయింది, నుదురు తేటపడింది. పెదవి పక్కనున్న నల్లచుక్కని పిన్ని ఒక్క గీతతో తీసేసింది. వెంటనే ఫోను మోగింది. దర్జీ.

"అమ్మా, అది మరక కాదమ్మా. మా అక్క పుట్టుమచ్చ."

పిన్ని ఆ గీతని రద్దు చేసింది, చుక్క తిరిగొచ్చింది.

"ఇదిగో, ఇప్పుడు మా అక్క," అన్నాడు.

ఫోను పెట్టేశాక పిన్ని నావైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ తలుపేసుకుని దిద్దానే. ఎంతమంది మొహాల్లోంచి ఎన్ని తుడిచేశానో! మొహమాటానికి బాగుందని చెప్పి పట్టుకుపోయుంటారు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని తరువాతి ఫోటో తెరిచింది. ఎవరివో ముగ్గురు పిల్లలు, సగం చెమ్మ మరకల్లో. కుంచె మాత్రం ముట్టుకోలేదు.

"ముందు వీళ్ళ ఇంటివాళ్ళకి ఆ లింకు పంపవే. వాళ్ళొచ్చి కూర్చున్నాకే మొదలుపెడతా."