గంగాధర్, నేను, ఒక గోధుమ బీరు

నిన్న పొద్దున దుకాణం షటర్ ఎత్తుతుంటే గంగాధర్ తమ్ముడి నుంచి ఫోన్.

"అన్నా, మా అన్న పోయిండే."

"ఏడికి? హైదరాబాదా?" అన్నాను.

అవతల ఏడుపు వినబడ్డాక గానీ అర్థం కాలేదు. హార్ట్ ఎటాక్. నిద్రలోనే.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆర్మూర్‌లో చాలామందికి గంగాధర్ అంటే ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపు. మా స్కూల్ బ్యాచ్‌కి మాత్రం బీరు పిచ్చోడు. ఏ ఊరికి వెళ్లినా అక్కడ బీరు తయారుచేసే చోటు ఉందా అని వెతికేవాడు. అలాగని తాగుబోతు కాదు. ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని సినిమా చూసినంత సేపు కూర్చునేవాడు.

"తాగుడు వేరు, రుచి జూసుడు వేరు రా" అనేవాడు. రుచి చూసే రోజు కారు ముట్టుకోడు. బస్సే.

నాది పసుపు కమీషన్ వ్యాపారం. అప్పట్లో నాకు కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. నెలలు గడిచాయి. ఆలూర్ రైతు పసుపు కొమ్ము విరిచి చేతిలో పెడితే, ముక్కు దగ్గర పెట్టుకుని ఊరికే తల ఊపేవాణ్ణి. అన్నం ముందు కూర్చోవాలంటే విసుగు.

డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా.

ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. గంగాధర్ గడపలోంచే అరిచాడు.

"అరె, పాలు మాడుతున్నయ్! ముక్కు ఏడవెట్టినవ్ రా?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్టవ్ ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. అంతా చెప్పాను.

"దవాఖానల ఏమన్నరు?"

"వస్తదట. ఎప్పుడొస్తదో చెప్పలేమన్నరు."

"అయితే ఆదివారం తయారుండు."

హైదరాబాద్‌లో బీరు తయారుచేసే చోటికి తీసుకెళ్లాడు. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీల్ ట్యాంకులు. చెక్క పళ్లెంలో చిన్న చిన్న గ్లాసులు, ఒక్కోటి ఒక్కో రంగు. వాడు ఒక గుక్క తాగి, గ్లాసు నా వైపు జరిపి, చెప్పడం మొదలుపెట్టాడు.

"గీ నల్లది మాడిన జొన్నరొట్టె అంచు లెక్కుంది."

"గిది పొద్దెక్కినంక ఈత కల్లు. మస్తు పులుపు."

"గిదేమో వాన పడ్డంక గడ్డివాము."

నాకు అన్నీ చల్లటి చేదు నీళ్లే. కోపం వచ్చింది. "ఎందుకురా నన్ను గిట్ల గోస వెడ్తున్నవ్?" అన్నాను.

"నీ ముక్కు వచ్చేదాంక నా ముక్కు వాడుకో" అన్నాడు. నవ్వలేదు. సీరియస్‌గానే అన్నాడు.

అలా ఎన్నిసార్లు తిరిగామో. షాపు తమ్ముడికి అప్పజెప్పి నా కోసం వచ్చేవాడు. నేను వద్దన్నా వినేవాడు కాదు.

ఒకసారి బెంగళూరు వెళ్లాం. బీరు తయారుచేసే ఆయన లోపలికి తీసుకెళ్లి ఉడుకుతున్న గింజలు చూపించాడు. గంగాధర్ కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకున్నాడు. నాకు ఆవిరి వేడి తప్ప ఏమీ తెలియలేదు.

బయటికొచ్చాక మబ్బు మబ్బుగా ఉన్న గోధుమ బీరు ఇచ్చారు. గ్లాసు ఎత్తాను.

ఏదో తగిలింది. సన్నగా. పోయింది. మళ్లీ వచ్చింది.

"గంగా... ధనియాలు."

వాడు కుర్చీలోంచి లేచాడు. "అన్నా! గిండ్ల ధనియాలు ఏస్తరా?" అని అంత దూరం నుంచే కేకేశాడు.

"యెస్ సార్, ధనియాలు, నారింజ తొక్క" అన్నాడాయన.

గంగాధర్ నన్ను అందరి ముందూ గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని ఏడ్చాడు. వాడి బీరు అక్కడే వెచ్చబడిపోయింది.

టైమ్ వస్తే వాసన ఎలాగూ వచ్చేదేమో. నాకు తెలియదు. కానీ రాని ఆ రోజులన్నీ వాడు నా పక్కన ఉన్నాడు. అది చాలు నాకు.

నిన్న వాళ్లింటికి వెళ్తే వదిన నా చెయ్యి పట్టుకుంది. "నీతోని పోయొచ్చిన దినం ఇంట్ల పాటలు పాడుకుంట తిరుగుతుండె అన్నా" అంది.

నా కోసమే తిరిగాడనుకున్నాను ఇన్నాళ్లూ. వాడికీ అది సంతోషమేనట. వదినా, ఆ మాట చెప్పినందుకు నీకు రుణపడి ఉంటాను.

పైలంగ పోయిరా గంగా. నీ ప్రాణం ఎక్కడున్నా చల్లగా, నిమ్మళంగా ఉండాలి.