మంగళవారం, శుక్రవారం అరిచే బ్రేకు

మా మేనత్తే నాకు అత్తగారు. అందుకే పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా మా ఆయన్ని బావా అనే పిలుస్తాను, అత్తని నువ్వు అనే అంటాను. దెబ్బలాడుకోవడానికి ఇంతకంటే వీలైన చుట్టరికం ఇంకోటి లేదు. నాకసలే నోరు ఊరుకోదు.

అత్తకి కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పినప్పుడు మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉద్దానంలో ఆ మాట వినని వీధి ఎక్కడుంది? మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. మా ఊరు పూండి దాటాక, సముద్రం వైపు, కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. మొదట్లో ఆటోలో తీసుకెళ్లేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు అత్త నీరసంతో నా భుజమ్మీద వాలిపోయేది, ఆటో గోతిలో పడినప్పుడల్లా మూలిగేది. బావకి కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం, పొద్దున్నే వెళ్లిపోవాలి. అత్త మూలుగు వినలేక నలభై ఏళ్ల వయసులో నేను కారు నేర్చుకున్నాను. బావ ఒక పాత తెల్లకారు కొన్నాడు. నేను స్టీరింగు పట్టుకున్న మొదటిరోజు మా వీధి వీధంతా అరుగుల మీదకొచ్చి చూసింది. నిజం చెప్పాలంటే, నా జీవితంలో నాకు నేనుగా సంపాదించుకున్న గొప్ప అదొక్కటే.

కారు కొన్న రెండో ఏడు ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగిపోయాయి. కాశీబుగ్గ మెకానిక్కు డిస్కులు, వాటిని నొక్కిపట్టే ప్యాడ్లు రెండూ కొత్తవి వేశాడు. ఇంటికి తెచ్చాక అత్త కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అంతా బాగానే ఉంది. ఆ వచ్చిన మంగళవారం పూండి సెంటర్లో మేకలు అడ్డమొస్తే బ్రేకు మీద కాలు పెట్టాను. కీచుమని ఒక్క అరుపు. మేకలు బెదిరాయి, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. పలాస చేరేలోగా అలా పదిసార్లు అరిచింది.

మెకానిక్కు నవ్వాడు. "కొత్తయి కదండి మేడమ్. కొత్త కోడల్లాగ సర్దుకోడానికి నాలుగు రోజులు పడతాది. టెక్కలి వైపు పెద్దరోడ్డు మీద కొంచెం స్పీడుగా ఎల్లి, పూర్తిగా ఆపకుండా బ్రేకు నొక్కి ఒదులుతా ఉండండి. పదిసార్లు అలా సేత్తే ప్యాడ్లు డిస్కుకి అలవాటైపోతాయి" అన్నాడు.

అలాగే చేశాను. టెక్కలి దాకా వెళ్లి, అక్కడ ఒక టీ తాగి వచ్చాను. కారు కిక్కురుమనలేదు. గురువారం దాకా హాయిగా తిరిగాను. శుక్రవారం అత్తని ఎక్కించుకుని వీధి మలుపు తిరిగానో లేదో, మళ్లీ కీచు.

శనివారం మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే అసలు అరవలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే కడుపునొప్పి లాంటిదన్నమాట. అతను కారెక్కి బజారంతా తిప్పి, తాళం నా చేతిలో పెట్టి, నావైపు జాలిగా చూశాడు. ఆదివారం బావ తోటకి నడిపాడు. అప్పుడూ అరవలేదు. ఇంక చూడండి నా పని.

"నేను నడిపితే అరవదు, మెకానిక్కు నడిపితే అరవదు. నువ్వు నడిపితే అరుత్తాది. కారుకేటైనా పగా నీమీద? కాలితో సగంసగం నొక్కుతున్నావు, అదీ సంగతి" అన్నాడు బావ.

"నా కాలు బాగానే ఉంది బావా. బ్రేకులోనే ఏదో ఉంది."

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్లేదు."

ఆ రోజు నేను అన్నం తినకుండా దెబ్బలాడాను. తర్వాత కూడా వదల్లేదు. బావ 'నీ కాలే' అన్నప్పుడల్లా నేను అంతెత్తున లేచేదాన్ని. కొట్లాట మొదలైతే అత్త మంచం మీద అటు తిరిగి పడుకునేది. కానీ లోపల నాకు బెంగ పట్టుకుంది. మంగళ, శుక్రవారాల్లో మాత్రమే అరుస్తోంది, అంటే అత్త పక్కన ఉన్నప్పుడే. ఒకవేళ అత్త కూర్చుందన్న భయంతో నా కాలే వణుకుతోందేమో? అలా అనుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఆ తర్వాతి శుక్రవారం అత్త డయాలసిస్‌లో ఉండగా, అరుపు అరుపులాగే ఉన్నప్పుడే కారు మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. చెవితో విన్నాక అతను చక్రాలు విప్పాడు. ప్యాడ్ల మొహం అద్దంలా నున్నగా అయిపోయింది. గరుకు కాగితంతో రుద్ది, డిస్కులు శుభ్రంగా తుడిచాడు. తుడిచిన గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని ఆలోచనలో పడ్డాడు.

"ఎక్కడో నూనె తగుల్తందండి. కారులో మాత్రం ఎక్కడా కారడం నేదు. జాగ్రత్త మేడమ్. బ్రేకుకి నూనె తగిలితే ఒకరోజు అరుత్తాది, ఇంకోరోజు పట్టదు."

అది బావకి చెప్పాను. నన్ను నమ్మలేదు గానీ పట్టదన్న మాటకి హడలిపోయాడు. తల్లి కూర్చునే కారాయె. డ్రైవర్ని చూస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మంగళవారం పొద్దున్న నేను ఇడ్లీలు డబ్బాలో సర్దుకుని రోజూ కంటే ముందే బయటికొచ్చాను. ముందు చక్రం పక్కన అత్త గొంతుక్కూర్చుని ఉంది. వాచిన కాళ్లతో అలా కూర్చోవడం ఆమెకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఎడమచేతిలో చిన్న గిన్నె. కుడిచెయ్యి చక్రం ఊచల సందులోంచి లోపలికి పెట్టి, మెరుస్తున్న కొత్త డిస్కుకి పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెడుతోంది.

"ఏటత్తా ఇది?"

"ఏటున్నాది? పాతదున్నప్పుడు టైరుకి ఎట్టీదాన్ని. ఇప్పుడు లోపల ఎండిపళ్లెంలాగ మెరుత్తంటే బయట ఎట్టడానికి మనసు రాలేదు. ఉట్టి పసుపు రాలిపోతందని కొబ్బరినూనె కలిపాను. ఆసుపత్రికెళ్లే రోజు ఎట్టకుండా ఎలాగ? నాకేటైనా పరవాలేదమ్మీ. తోలీది నువ్వు కదా."

నాకు ముందు నవ్వొచ్చింది. నూనె ఆచూకీ దొరికిందని గంతెయ్యాలనిపించింది. అంతలోనే ఆవిడ లేవడానికి చక్రం పట్టుకుని ఒకసారి, నా చెయ్యి పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించింది. ఆ చెయ్యి నా చేతిలో ఉండగా నిజం చెప్పడం నావల్ల కాలేదు. ఇన్ని వారాల అరుపూ, మెకానిక్కు జాలీ, బావ దెప్పుళ్లూ అన్నీ ఈ రెండు వేళ్ల బొట్టు వల్లేనని ఎలా చెప్పను? తెలిస్తే ఇంకెప్పుడూ పెట్టదు. పెట్టకపోతే ఎక్కినప్పటినుంచీ భయపడుతూ కూర్చుంటుంది.

"లోపల వేడెక్కుతాది అత్తా, వేళ్లు కాల్తాయి. ఇకనుంచి స్టీరింగుకి పెట్టు. పట్టుకునేది నేనే కదా" అన్నాను.

శాలువా తెచ్చుకోమని అత్తని లోపలికి పంపి, ఆ ఐదు నిమిషాల్లో సబ్బునీళ్లతో డిస్కులు రెండూ తుడిచేశాను. నెమ్మదిగా నడిపాను. అయినా పూండి సెంటర్లో అరిచింది. అత్తని ఆసుపత్రిలో దించి మెకానిక్కు దగ్గరికి పోయి, ప్యాడ్లు మళ్లీ రుద్దించాను. నూనె ఎక్కడిదో తెలిసిందా మేడమ్ అని అడిగాడు. లేదన్నాను.

సాయంత్రం బావ వచ్చి, డ్రైవర్ని మాట్లాడేశానన్నాడు. శుక్రవారం నుంచి వస్తాడట.

"పూండిలో అందరూ నవ్వుకుంటన్నారు. నువ్వు ఎనకాల కూకుని అమ్మని సూసుకో. నీ కాలికి తోలడం అచ్చిరానేదు."

ఒక్క మాట చెబితే చాలు, స్టీరింగు నాకే ఉండిపోతుంది. కానీ ఆ మాట అత్త మంచం మీదుగా వెళ్లాలి, ఆవిడ చెవిన పడకుండా ఉండదు. ఆవిడ అప్పుడు కళ్లు మూసుకుని పడుకుని ఉంది. సరే అని వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నెలు తోముతూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

శుక్రవారం పొద్దున్న డ్రైవరు వచ్చాడు, నెమ్మదైన మనిషి. బావ తాళం అతని చేతిలో పెట్టాడు. నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను. అత్త మాత్రం ముందు తలుపు తీసుకుని, రోజూ కూర్చునే సీట్లో కూర్చుంది.

"తాళం దానికియ్యరా."

"అమ్మా, ఆ సప్పుడు..."

"ఆ సప్పుడు నాది. పసుపులో కొబ్బరినూనె కలిపి ఆ సక్రానికి రాత్తన్నాను. దాని కాలు మంచిదే. ఊరికే దాన్ని ఆడిపోసుకున్నావు. అది తోలితే ఎక్కుతాను, నేకపోతే ఆసుపత్రీ వద్దు, ఏటీ వద్దు."

బావ ఆవిడ వంకా నా వంకా చూసి, డ్రైవరు దగ్గర తాళం తీసుకుని నాకిచ్చాడు. క్షమించమని అనలేదు, అనడని నాకు తెలుసు. డ్రైవరుకి మాత్రం టిఫిను పెట్టించి పంపాడు.

పూండి సెంటర్లో బ్రేకు నొక్కాను. కారు చప్పుడు లేకుండా ఆగింది. టీ కొట్టు దగ్గర ఒక్కరూ తలెత్తలేదు. ఊరు దాటి జీడితోటల మధ్యకొచ్చాక అడిగాను.

"నీకెలా తెలిసింది అత్తా? నేను చెప్పలేదు కదా."

అత్త శాలువా భుజాల మీదికి లాక్కుంది.

"మంగళారం దాకా నీ కాలని ఎవరేటన్నా ఇల్లెగరేసీదానివి. ఆ పొద్దున్న సక్రానికి బొట్టు ఒద్దన్నావు. ఆ రేత్రి వాడు తాళం లాక్కుంటంటే సరే అన్నావు. నువ్వు నోరు మూసుకున్నావంటే తప్పు నాదే అయ్యుంటాదని అప్పుడే తెలిసిపోయింది."