అద్దాల మేడల ఎలుకలు

ఎలుకలు పాత ఇళ్లలోనే ఉంటాయనుకునేవాళ్లు హైటెక్ సిటీ ఆఫీసుల్లో నేల పలక ఎత్తి చూసి ఉండరు. పైన తివాచీ, తివాచీ కింద ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన పలకలు, వాటి కింద చిక్కుపడిన కేబుళ్లు. ఆ చీకట్లో ఎలుకలు పిల్లాపాపలతో కాపురం చేస్తుంటాయి. వాటి పని పట్టే పెస్ట్ కంట్రోల్ కంపెనీలో నేను ఉద్యోగం చేశాను. మందు కొట్టేవాళ్లు వేరే ఉండేవాళ్లు. కంపెనీల చుట్టూ తిరిగి కాంట్రాక్టులు తేవడం నా పని.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. నేను కరీంనగర్ వైపు పల్లె నుంచి ఎంబీఏ చదివి వచ్చి, నిజాంపేటలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మా ఆఫీసు కొత్తగూడ చౌరస్తా దగ్గర, ఒక మందుల షాపు పైన. మా మేనేజరు కోస్తా మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మాట మాటకూ ‘అండీ’. ఆయన దృష్టిలో కంపెనీలు మూడే రకాలు: పెద్దవి, మధ్యరకం, చిన్నవి. పెద్దవన్నీ ఆయన చూసుకునేవాడు. చిన్నవి నాకు వదిలేవాడు.

"పెద్ద కంపెనీలకు నేను గూడ వస్త సార్," అని ఒకరోజు అడిగాను.

"వద్దండీ. అక్కడ మీ భాష కుదరదు. గిట్ల, గట్ల అంటే నవ్వుకుంటారు," అన్నాడు. వాళ్ల సంగతేమో గానీ, ముందు తనే నవ్వాడు. ఆ నవ్వు మింగి చిన్న కంపెనీల మెట్లెక్కడం మొదలుపెట్టాను.

తిరగ్గా తిరగ్గా ఒకటి అర్థమైంది. కంపెనీ ఎంత పెద్దదో తెలిస్తే ఏమీ తెలిసినట్టు కాదు. ఒకే బిల్డింగులో, ఒకే సైజు కంపెనీలు రెండుంటే, ఒకటి వెంటనే సంతకం పెట్టేది, ఇంకోటి ఏడాది తిప్పేది. మొదటిదాని యజమాని ఇక్కడే కూర్చుంటాడు. రెండోదానికి చీపురు కొనాలన్నా విదేశంలోని హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. ఒకదాంట్లో సొంత క్యాంటీన్, ఇంకోదాంట్లో డబ్బాల భోజనం. ఒకటి సాయంత్రానికి తాళం వేస్తుంది, ఇంకోటి మూడు షిఫ్టులూ నడుస్తుంది. మనుషులు ఖాళీ చేయని చోట మందెప్పుడు కొట్టాలి? కొత్తగా లీజుకు దిగిన కంపెనీ అయితే రంగు వాసన పోకముందే అన్నీ చేయించుకుంటుంది. పక్కన గుట్ట పేల్చి కొత్త మేడ కడుతున్నారంటే ఇక చెప్పనే అక్కర్లేదు, ఆ గుట్టలోని ఎలుకలన్నీ ఇటే వస్తాయి.

ఒక వానాకాలమంతా కూర్చుని మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న కంపెనీలను ఈ లక్షణాలను బట్టి గుంపులు చేశాను. ఏ గుంపు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, అక్కడ ఎవరితో మాట్లాడాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, అన్నీ స్లైడ్లుగా చేసి మేనేజరుకు చూపించాను. తిరగేసి, "ఎలుకలకింత సైన్సు ఎందుకండీ?" అన్నాడు.

మా ఓనరు ఊళ్లోకి వచ్చినప్పుడు మీటింగు పెట్టారు. ల్యాప్‌టాప్ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. తెర మీద పడింది నా మొదటి స్లైడే. దాని పక్కన నిలబడి మేనేజరు మాట్లాడాడు. "తర్వాతది వెయ్యండమ్మా," అంటే నేను మీట నొక్కాను. మళ్లీ అంటే మళ్లీ నొక్కాను.

ఓనరు మురిసిపోయాడు. "ఇంత పని ఎప్పుడు చేశావయ్యా?"

"ఎన్నాళ్లనుంచో బుర్రలో ఉందండీ. ఈ అమ్మాయి టైపింగులో సాయం చేసింది."

అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆపి అడిగాను. "సార్, అది నేను చేసింది కద?"

"టీమ్ అన్నాక నీదీ నాదీ ఉండదండీ," అని సెల్లు చూసుకుంటూ దిగిపోయాడు. ఆ నెలలోనే బ్రాంచ్ హెడ్ అయ్యాడు.

నేను హాస్టల్లో ఏడవలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం.

రాజీనామా ఇచ్చి చందానగర్‌లో ఒక చిన్న పెస్ట్ కంట్రోల్ కంపెనీకి వెళ్లాను. పాత ఆఫీసు నుంచి కాగితం ముక్క కూడా తెచ్చుకోలేదు. నాకు కావలసిందంతా నా తలలో ఉంది. కొత్త యజమాని ఇక్కడివాడే, నడివయసు మనిషి. ఆయనకు ఒకే షరతు పెట్టాను: ఏ కంపెనీల వెంట పడాలో నేనే చెప్పాలి.

"ఏందమ్మా, ఎవరి మీదనన్న పగ పట్టినవా?"

"పట్టిన సార్."

"మంచిదే. పగ ఉన్నోళ్లు పని వాయిదా ఎయ్యరు," అని చాయ్ తెప్పించాడు.

మేనేజరుకు గర్వకారణమైన పెద్ద కంపెనీలను మాత్రమే ఎంచుకున్నాను. అందులోనూ మూడు షిఫ్టులవాటిని ముందు పెట్టుకున్నాను. నా స్లైడ్లు ఆయన దగ్గర ఉన్నాయి గానీ, ఆ గుంపును ఎందుకు విడదీశానో ఆయన ఏనాడూ అడగలేదు. మామూలుగా ఆదివారాలు కూడా ఆ ఆఫీసులు ఖాళీ కావు. బంద్ రోజు మాత్రం క్యాబులు తిరగవు గనక సెలవిచ్చి, పోయిన పనిని తర్వాత అదనపు గంటలు పెట్టి చేయించుకునేవాళ్లు. అంటే బంద్ రోజే మందు కొట్టాలి. ఆయన వ్యాన్లు ఉండేది కూకట్‌పల్లిలో, ఆ రోజు అవి అక్కడి నుంచి కదలలేవు. మావాళ్లు శేరిలింగంపల్లి బస్తీల్లో ఉంటారు, గల్లీల్లోంచి బండ్ల మీద వచ్చేస్తారు.

మొదట వెళ్లిన కంపెనీలో అడ్మిన్ హెడ్ గుంటూరు వైపు క్రైస్తవురాలు. మెడలో సన్నని సిలువ గొలుసు, నిదానమైన మాట. నేను చెప్పింది చివరిదాకా విని అడిగింది. "బంద్ రోజు మీరెలా వస్తారండీ?"

"మా తొవ్వలే కద మేడమ్. ఎట్లనన్న వస్తం."

ఆమె నవ్వింది. నాకు ఒళ్లు మండబోయింది. అంతలో ఆమే అంది: "మా అత్తగారిది వరంగల్. అచ్చం మీలాగే మాట్లాడతారు. సరే, ఒకసారి చేసి చూపించండి. మర్నాటికి వాసన ఉండకూడదు."

ఆ బంద్ రోజు కొత్తగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు మా బండ్లు ఆపారు.

"ఎటు పోతున్నవక్కా? ఇయ్యాల ఆఫీసులు బందని తెల్వదా?"

"బందనే పోతున్న తమ్మీ. ఎలుకలకు మందు కొట్టాలె. మనుషులుంటే కొట్టరాదు."

ఒకడు పక్కుమన్నాడు. "అరే, జర జరగుండ్రిరా! ఎలుకలకు గూడ ఇయ్యాల బందే," అని దారిచ్చాడు. పనికిరాదన్న నా భాషతోనే ఆ రోజు రోడ్డు దాటాను.

ఆమె కంపెనీ మాకొచ్చింది. తర్వాత దాని పక్క బిల్డింగులోది, ఆ తర్వాత గచ్చిబౌలిలోది. ఒక్కో కాంట్రాక్టు గడువు ఎప్పుడు తీరుతుందో కనుక్కుని, కన్నం దగ్గర పిల్లిలా కాచుకు కూర్చునేదాన్ని. కొత్తగా దిగిన కంపెనీలు ఇంకా తేలిగ్గా దొరికేవి. కానీ వాటి జోలికి పోలేదు. ఆయన చేతిలోంచి లాక్కున్నప్పుడు ఉండే రుచి వాటిలో లేదు. కొన్నాళ్లకు ఆయన బ్రాంచి మూసేశారని, ఆయన విజయవాడ వెళ్లిపోయాడని తెలిసింది. ఆ రోజు మా ఆఫీసులో అందరికీ డబుల్ కా మీఠా తినిపించాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను.

రాష్ట్రం వచ్చిన తర్వాత ఒక సాయంత్రం నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు వాళ్లతో మాట్లాడి కిందికి వచ్చేసరికి, గేటు దగ్గర ఆయన. వాళ్ల చెల్లెలి ఫ్లాటుకు వచ్చాడట. జుట్టు పలచబడింది. నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డాడు.

"బాగున్నారామ్మా? మనం ఎంత కష్టపడి నిలబెట్టాం ఆ బ్రాంచిని! ఉద్యమం దెబ్బండీ. బందులు, రాస్తారోకోలు, కస్టమర్లంతా పోయారు. ఎవర్ని అనుకుంటాం?"

ఇన్నేళ్ల నా పగను ఈ మనిషి ఉద్యమం ఖాతాలో వేసేశాడు. నా స్లైడ్లు తీసుకున్నట్టే ఇదీ నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు.

"ఉద్యమం కాదు సార్. నేను."

"మీరేంటండీ?"

చెప్పాను. గేటు పక్కన నిలబడే, ఏ కంపెనీ తర్వాత ఏది పట్టానో వరసగా చెప్పాను. స్లైడ్ల మీటింగు సంగతీ చెప్పాను. ఆయన నుదురు చిట్లించాడు.

"ఏ మీటింగండీ?"

నటన కాదు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. అది నన్ను కాల్చినంతగా ఆ మీటింగు కూడా కాల్చలేదు. అందుకే ఆగకుండా మిగతావీ చెప్పాను. గుంటూరు మేడమ్ కంపెనీ పేరు వచ్చేసరికి ఆయన ముఖం మారింది.

"అది కూడా మీరేనా? నేనావిడకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో..."

"అది గూడ నేనే."

జేబులోంచి సెల్లు తీసి, చూడకుండానే మళ్లీ పెట్టేసుకున్నాడు. "పైన దేవుడున్నాడండీ," అన్నాడు చివరికి, సన్నగా.

"ఉన్నడు సార్," అని బండి స్టార్ట్ చేశాను. అద్దంలో చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. జాలి వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. నల్లగండ్ల చెరువు దాటేదాకా నాకు నవ్వు ఆగలేదు.