చెవిలో తలకిందుల బిడ్డ

నొప్పికి మాత్ర ఇవ్వం పొమ్మన్నారు. నేను ఒకప్పుడు తాగేవాణ్ణి కాబట్టి ఇవ్వరట. మానేసి ఆరేళ్లయింది బాబూ అన్నా అంతే. "పాత అలవాటు ఉన్నవాళ్లకు గట్టి మాత్రలు రాయం" అన్నాడు ఆసుపత్రి డాక్టరు, నా మొహం చూడకుండా, చేతిలోని నా చీటీ మొహం చూసి.

ఈ అన్యాయాన్ని నేను మరిచిపోలేదు, మరిచిపోను. కాకపోతే దాని వెనకాలే నా చేతులారా నేను చేసుకున్న అనర్థం ఒకటుంది, అది దీనికి తాత. చెబుతాను, నవ్వండి. నాకైతే ఆ రోజుల్లో నవ్వినా మోకాలు నొప్పే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఇరవై రెండేళ్లు పటాలంలో మంచుకొండలు ఎక్కి దిగిన మోకాళ్లను మోసుకొచ్చి ముత్తియాల్‌పేటలో పడ్డాను. మందు మానినవాడికి మా పాండిచ్చేరి ఎలాంటి ఊరో బయటివాళ్లకు తెలియదు. పాలప్యాకెట్టు కోసం బయల్దేరినా రెండు బ్రాందీ కొట్లు పలకరిస్తాయి. నొప్పి చంపే మందు నాకు ఒక్కటే తెలుసు. అది వీధి వీధికీ దొరుకుతుంది, చీటీ అడగరు.

నాకు తోడు గోవిందసామి. ఒకే పటాలం. లారీ బోల్తాపడి నడుము పోగొట్టుకుని, తేంగాయితిట్టు రేవులో వాచ్‌మన్‌గా కుదిరాడు. తాగుడు మానేసి పదకొండు నెలలు. రోజూ పొద్దున్నే టీకొట్లో కలిసి ఒకరి నోటి వాసన ఒకరం చూసుకునేవాళ్లం. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత దగ్గరగా చూసుకోరు.

అప్పుడు ఇందిరా నగర్‌లో యానాం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, మాలాంటి పాత సిపాయిలకు గురువారం గురువారం చెవికి సూదులు పెడుతోందని తెలిసి వెళ్లాం.

"మోకాలు నొప్పికి చెవిలో సూది ఏందమ్మా?" అన్నాను.

"చెవిలోనే ఒళ్లంతా ఉంటుందండి, హవల్దార్ గారూ. కాసేపు మాట్లాడకుండా కూర్చోండి."

ఎనిమిదిమందిమి కూర్చున్నాం, ముళ్లపందులు సభ పెట్టుకున్నట్టు. నేను నమ్మలేదు. నమ్మకపోయినా మూడో వారానికి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మరిచిపోయాను. గోవిందసామి ఎన్నో ఏళ్ల తరవాత నేలమీద కూర్చుని అన్నం తిన్నాడు. తిని ఏడ్చాడు.

ఇంతలో డాక్టరమ్మ నెలరోజులు సెలవుపెట్టి యానాం వెళ్లింది. పోతూ పోతూ తలా ఒక పటం, ఆవాలంత గింజలు అంటించిన ప్లాస్టర్ ముక్కలు ఇచ్చింది. పటంలో చుక్క ఉన్నచోట చెవికి అంటించుకుని రోజూ నొక్కుకోవాలి. అంతే పని. దాన్ని కూడా చెడగొట్టవచ్చని నిరూపించినవాణ్ణి నేనే.

పటంలో పెద్ద చెవి. చెవిలో ముడుచుకున్న బిడ్డ బొమ్మ, దానిమీద చుక్కలు. అక్షరమ్ముక్క లేదు. బిడ్డ తల కింద తమ్మె దగ్గర, కాళ్లు పైన!

నేను బడికి పోలేదు. బ్యారక్కులో పాత పేపర్లు ముందేసుకుని తెలుగు నేర్చుకున్నవాణ్ణి. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు పది, చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. అలాంటివాడికి అచ్చుతప్పు కనబడితే పులికి మేక కనబడ్డట్టే. బ్లేడు తీసుకుని బిడ్డను కత్తిరించాను. తలను పైకి తిప్పాను. అన్నం మెతుకులతో అంటించాను.

మా ఇంటావిడ రాజమ్మ చూసింది. "ఏందయ్యా, బిడ్డను ఏంటికి తిప్పుతుండావు? బాగనే ఉండె గదా."

"తల కింద ఉంటే బాగుండడం ఏంది? నీకేం తెలుసు?"

ఆమె నన్నొకసారి చూసి వంటింట్లోకి పోయింది. ఆ చూపు అప్పుడే అర్థమై ఉంటే ఈ కథ లేదు.

గోవిందసామి చెవికి కూడా ఆ పటం చూసి నేనే గింజలు అంటించాను.

"అన్నా, డాక్టరమ్మ సూది ఇంగా పైన గుచ్చినట్టుండె గదన్నా?"

"గుచ్చేటప్పుడు నువ్వు చూసినావా? నీ చెవి నీకు కనబడతాదా?"

"కనబడదన్నా."

"అయితే నోరు మూసుకో."

నాలుగు రోజులు నొక్కుకున్నాం. నా మోకాలు మళ్లీ మంచుకొండ ఎక్కింది. అయిదో రోజు గోవిందసామి టీకొట్టుకు రాలేదు. కుంటుకుంటూ వెతికితే మూలమీది బ్రాందీ కొట్టుకు ఎదురుగా ఒక అరుగుమీద కూర్చుని ఉన్నాడు, చెవి పట్టుకుని.

"తాగినావారా?"

"ఇంగా లేదన్నా."

"ఇంగా అంటే?"

"లేచి రోడ్డు దాటాల గదా. నడుము లేవనీలేదు. చెయ్యి ఇయ్యన్నా."

"యాడికి?"

వాడు కొట్టువైపు చూశాడు. నిజం చెబుతున్నాను, నేనూ అటే చూశాను. ఆరేళ్లు ఒక్క క్షణంలో పోయేట్టున్నాయి. చెయ్యి ఇద్దామనే వంగాను. మోకాలు పట్టేసింది. వాడి పక్కనే కూలబడ్డాను. ఎదురుగా తెరిచిన కొట్టు, ఇవతల లేవలేని ఇద్దరు వీరజవాన్లు. మమ్మల్ని తాగకుండా కాపాడింది వైద్యమూ కాదు, మనోబలమూ కాదు, నొప్పి! మిట్టమధ్యాహ్నం రాజమ్మ వెతుక్కుంటూ వచ్చి, ఆటో తెచ్చి, డ్రైవరు సాయంతో బియ్యం మూటల్లా మమ్మల్ని ఎక్కించింది.

ఇంటికి రాగానే యానానికి జాబు రాశాను. తప్పు ఎవరిది? అచ్చువేసినవాడిది! "మీ తలకిందుల పటం వల్ల పదకొండు నెలల నిష్ఠ గల మనిషి మళ్లీ సీసా పట్టబోయాడు. ముగ్గురు బిడ్డల తండ్రిని, బిడ్డ తల ఎక్కడుంటుందో నాకు తెలియదనుకున్నారా?" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ ముగ్గురూ పుట్టినప్పుడు నేను సరిహద్దులో ఉన్నాననీ, ముగ్గురి సంగతీ నాకు టెలిగ్రాముల్లోనే తెలిసిందనీ మాత్రం రాయలేదు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అది చదివి, ఏ పటాన్నయినా, ఏ బొమ్మనయినా ఈ జన్మలో నా చేత్తో తిప్పనని చెవులు పట్టుకుని ఒట్టేశాను. చెవులూ నొప్పే. జాబు ఇది:

"హవల్దార్ గారికి నమస్కారం. పటం సరిగానే ఉందండి. నెలలు నిండాక తల్లి కడుపులో బిడ్డ తలకిందులుగానే ఉంటుంది. ముగ్గుర్ని కన్న మీ ఇంటావిడకు తెలుసు, అడగండి. గోవిందసామి గారు తాగలేదు కాబట్టి ఆయన పదకొండు నెలలూ చెల్లుతాయి, మీ ఆరేళ్లూ చెల్లుతాయి. వచ్చే గురువారం నేను అక్కడే ఉంటాను, ఇద్దరూ రండి. ఆవిడను కూడా తీసుకురండి. ఈసారి పటం ఆవిడ చేతికిస్తాను."