వైర్‌లెస్‌లో వినిపించిన మ్యాచ్

మనోహరం ఆటల విలేకరి అవుదామని ఒమాన్ వెళ్ళలేదు. నరసాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, 1974లో ఖురియాత్ అనే జాలర్ల ఊళ్ళో హెల్త్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరాడు. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం అతని పని. వాటితో పాటు వైర్‌లెస్ సెట్టు కూడా అతనికే అప్పగించారు. అప్పటికి ఆ ఊళ్ళో టెలిఫోను లేదు. మస్కట్‌తో మాట్లాడాలంటే ఆ సెట్టు ఒక్కటే దారి.

అవతల మస్కట్ ఆసుపత్రిలో సెట్టు ముందు కూర్చునేది నసీరుద్దీన్. హైదరాబాదు మనిషి, ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకుంటాడు. మందుల సంగతి అయిపోగానే ఏదో ఒక మ్యాచ్ కబురు ఎత్తుకునేవాడు. మనోహరానికి ఆ ఆటలో ఓనమాలు రావు. అయినా నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడుతున్నాయి కదా అని ఊఁ కొడుతూ వినేవాడు.

1976 ఫిబ్రవరిలో ఖురియాత్ కుర్రాళ్ళ జట్టు లారీ ఎక్కి మస్కట్ పక్కనున్న రూవికి ఆడటానికి వెళ్ళింది. గురువారం సాయంత్రం ఆట. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం నమాజు వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. దారి అంటే తారు రోడ్డు కాదు, కొండల మధ్య మట్టి బాట. మధ్యలో వాదీలు దాటాలి. వాదీ అంటే ఏడాది పొడుగునా రాళ్ళు తేలి ఎండిపోయి ఉండే ఏరు. కొండల్లో వాన పడిందంటే మాత్రం ఉన్నట్టుండి గోడలా నీళ్ళు దిగుతాయి.

శుక్రవారం పొద్దున కొండల మీద మబ్బు కమ్మింది. నమాజు అయింది, లారీ రాలేదు. అంతలో ఏటి వైపు నుంచి వచ్చిన ఒకతను, నీళ్ళలో లారీ చెక్క ఒకటి కొట్టుకుపోవడం చూశానన్నాడు. అంతే. ఊరు ఊరంతా హెల్త్ సెంటర్ ముందుకి చేరింది.

డాక్టరు సెలవులో ఉన్నాడు. మనోహరం గది తలుపు వేసుకుని సెట్టు ముందు కూర్చున్నాడు. కిటికీ అవతల మొదటి వరుసలో కుల్సుమ్ నిలబడి ఉంది. ఆవిడ కొడుకు సాలిం జట్టుకి గోల్‌కీపరు. భర్త సముద్రంలో పోయాక ఆ ఒక్క కొడుకునే పెంచుకుంది. ఆవిడ ఏడవడం లేదు. కిటికీ ఊచ పట్టుకుని అతని మొహంలోకే చూస్తోంది. ఏడిస్తే నయమనిపించింది మనోహరానికి.

నసీరుద్దీన్ పలికాడు. లారీ పొద్దున్నే రూవిలో బయల్దేరిందని మాత్రం తెలుసు, ఆ తర్వాత సంగతి తెలీదన్నాడు. దారిలో ఉన్న పోలీసు ఠాణాకి ఫోను చేయించాననీ, జవాబు రావడానికి టైం పడుతుందనీ, సెట్టు వదిలి వెళ్ళొద్దనీ చెప్పాడు.

జట్టుకి పెద్దగా ఉండే ఖల్ఫాన్ అనే ముసలి జాలరి మనోహరం నోట ఈ మాట విని, ఇంక ఆగలేనని తాళ్ళు తెమ్మన్నాడు. నడుముకి తాడు కట్టుకుని ఏట్లో దిగి వెతుకుతారట. పది మంది మగాళ్ళు అతని వెనకాల లేచారు. ఆ నీళ్ళలో దిగితే తిరిగి వచ్చేది ఎవరూ ఉండరని మనోహరానికి తెలుసు. అయితే వాళ్ళని ఆపేంత అరబ్బీ గానీ, పెద్దరికం గానీ తనకి లేవు.

మరి ఏం తోచిందో, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "నసీర్ గారూ, నిన్న మ్యాచ్ మీరు చూశారా?" అన్నాడు.

"చూడక? షురూ నుంచి ఆఖరి దాక చూసిన."

"అయితే మొదట్నుంచీ చెప్పండి. ఒక్కొక్క ముక్కే చెప్పండి. ఇక్కడ జనానికి నేను చెప్పాలండి. లేకపోతే వీళ్ళు ఏట్లో దిగేలా ఉన్నారు."

 నసీరుద్దీన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మనోహరం విన్న ముక్కని విన్నట్టు తనకొచ్చిన అరబ్బీలోకి మార్చి, కిటికీలోంచి గొంతెత్తి చెప్పాడు. మీ పిల్లలు మైదానంలోకి వచ్చారు. ఎర్ర చొక్కాలు. సాలిం మొదటి బంతిని గుండెకి హత్తుకున్నాడు. సాలిం పేరు వినగానే కుల్సుమ్ కళ్ళు ఆర్పింది. తాళ్ళు భుజాన వేసుకున్న ఖల్ఫాన్ గేటు దగ్గర ఆగాడు.

ఫుట్‌బాల్ మాటలు రానిచోట మనోహరం రోగుల దగ్గర నేర్చుకున్న మాటలే వాడాడు. కుడి తొడతో కొట్టాడన్నాడు. అవతలివాడికి ఆయాసం వచ్చిందన్నాడు. గోల్‌కి కట్టే వలకీ చేపలు పట్టే వలకీ అరబ్బీలో ఒకటే మాట కావడంతో, బంతి వలలో పడిందని అతను చెప్పగానే జాలర్లలో ఎవరో, పెద్దదేనా అని అడిగారు. అంత దుఃఖంలోనూ ఒకరిద్దరు నవ్వారు. ఎవరి వలలో పడిందని ఖల్ఫాన్ అరిచాడు. అవతలివాళ్ళ వలలో అని చెప్పాక ముసలాయన తాళ్ళు కింద పడేసి కిటికీ దగ్గరకి వచ్చాడు.

సగం ఆట అయ్యేసరికి సమానంగా ఉన్నారు. మనోహరం చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. ఆట అయిపోయాక ఏం చెప్పి వీళ్ళని ఆపాలన్నదే అతని బెంగ. నసీరుద్దీన్‌ని కాస్త నెమ్మదిగా చెప్పమన్నాడు. రెండో సగంలో రూవి జట్టుకి పెనాల్టీ ఇచ్చారు. కొట్టేవాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు, సాలిం చేతులు చాపి నిలబడ్డాడు, అని మనోహరం చెబుతుండగా సెట్టు మూగబోయింది.

 కాసేపటికి నసీరుద్దీన్ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి గబగబా.

"మనోహరం భాయ్, ఫోనొచ్చింది. లారీ ఏరు దాటనే లేదంట. మబ్బు చూసి డ్రైవరు గుట్ట మీదనే ఆపిండు. పిల్లలందరూ ఠాణాల ఉన్నరు, రొట్టెలు తింటున్నరు. అందరూ సలామత్."

 మనోహరం లేచి, కిటికీ ఊచలకి మొహం ఆనించి, అందరూ బతికే ఉన్నారని ఒక్కటే వాక్యం చెప్పాడు. బయట ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి లేచాయి. మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. కొట్టుకుపోయిన చెక్క ఏ పాత బండిదో అయి ఉంటుంది, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. కుల్సుమ్ ఉన్నచోటే చతికిలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. మనోహరం కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

కాసేపయ్యాక కిటికీ ఊచ మీద తట్టిన చప్పుడైంది. కుల్సుమ్. కళ్ళు తుడుచుకుంటూనే, "ఇంతకీ మావాడు ఆ బంతి పట్టాడా లేదా?" అని అడిగింది.

మనోహరం మళ్ళీ మైకు అందుకోక తప్పలేదు. సాలిం పట్టలేకపోయాడు. ఖురియాత్ ఒక గోలు తేడాతో ఓడిపోయింది. ఆ మాట చెప్పినా ఎవరి మొహమూ వాడలేదు. ఖల్ఫాన్ చిన్నప్పుడు తనెన్ని గోల్స్ వదిలేశాడో చెప్పుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాడు ఏరు తీసింది, లారీ వచ్చింది. దానితో కథ ముగిసిందనుకున్నాడు మనోహరం. కానీ ఆ వైర్‌లెస్ తరంగం మీద ఖురియాత్ ఒక్కటే లేదు, అన్ని హెల్త్ సెంటర్లూ ఉన్నాయి. ఆ మ్యాచ్ ఎక్కడో సరిహద్దులో ఉన్న బురైమిలో కూడా విన్నారట. వారం తిరక్కుండా మస్కట్ వచ్చి ఆఫీసరుని కలవమని కబురొచ్చింది. సర్కారు సెట్టు మీద ఆటల కబుర్లు చెప్పినందుకు ఇంటికి పంపేస్తారని అతనికి రూఢి అయిపోయింది. 

ఆఫీసరు కాగితాలు పక్కకి నెట్టి ఇంగ్లీషులో అన్నాడు: "ఆ సెట్టు రోగుల కోసం. నువ్వు ఆపకపోతే ఆ పది మందీ రోగులయ్యేవాళ్ళు, లేదా అంతకన్నా ఘోరం జరిగేది. అందుకని వైద్యం చేశావనే రాసుకున్నాను. ఇంకోసారి మాత్రం చెయ్యకు."

మనోహరం థాంక్స్ చెప్పి బయటకి వచ్చాడు. వరండాలో నసీరుద్దీన్ పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఫక్రుద్దీన్ అని ఇంకో మనిషి. రూవిలో కొత్తగా మొదలైన ఒక ఇంగ్లీషు వారపత్రికలో ఆటల పేజీ చూస్తాడు. ఖురియాత్ దాకా వచ్చి మ్యాచ్‌లు చూసే తీరిక ఎవరికీ లేదనీ, అక్కడి ఆటల మీద రాసి అంబులెన్సు డ్రైవరు చేతికిస్తే వేస్తాననీ అన్నాడు. తనకి ఆట తెలియదని మనోహరం నిజమే చెప్పాడు. చూస్తూ ఉంటే అదే వస్తుందన్నాడు ఫక్రుద్దీన్.

మొదటి రిపోర్టు మనోహరం కేసు షీటులాగే రాశాడు. ఎవరి ఎడమ మడమ బెణికింది, ఎవరికి విశ్రాంతి అవసరం అన్నీ ఉన్నాయి. ఎవరు గెలిచారో చివరి వాక్యంలో ఉంది. ఫక్రుద్దీన్ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ వాక్యాన్ని పైకి జరిపి, మడమని మాత్రం తీసెయ్యకుండా వేశాడు. చదివినవాళ్ళకి ఆ మడమే నచ్చింది. తర్వాత తర్వాత ఖురియాత్‌లో ఏ పోటీ జరిగినా మైకు మనోహరం చేతికే ఇచ్చేవారు. సాలిం అతనికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇసుకలో గీతలు గీసి చెప్పాడు.

1979లో మనోహరం నర్సు ఉద్యోగం మానేసి ఆ పత్రికలో చేరాడు. స్థిరమైన పని వదులుకున్నావని రూవిలో తోటి తెలుగువాళ్ళు మందలించారు. అతనికి మాత్రం గుండె మీంచి బరువు దిగినట్టుంది. ఇన్నేళ్ళూ వరండాల్లో నిలబడి, తన నోటి మాట కోసం వణికే మనుషులకి కబుర్లు చెప్పాడు. ఇకమీదట తను చెప్పబోయే చెడ్డ కబురు ఏదైనా, ఫలానా జట్టు ఓడిపోయిందన్నంత వరకే. చేరాక వచ్చిన మొదటి శుక్రవారం సాయంత్రం రూవి మైదానంలో ప్రెస్ వాళ్ళ బెంచీ మీద చోటు చూసుకుని, కాళ్ళు చాపుకుని, ఆట మొదలవడం కోసం కూర్చున్నాడు.